కుంజిమాళు చేచ్చి చెప్పిన ఝ పద్యం

ముందే చెప్తున్నాను, ఆ పోటీ కప్పు నేను అడిగి తెచ్చుకున్నది కాదు. "టైలర్ వేలాయుధన్ డెబ్భై దాటిన ఆడమనిషి చేతిలోంచి కప్పు లాక్కున్నాడు" అని మా కైతక్కడవులో ఎవడైనా మీ చెవిన వేస్తే, వాడు అక్షరశ్లోకంలో ఎప్పుడో నా చేతిలో చిత్తుగా ఓడినవాడై ఉంటాడు. కప్పు నా షాపులోనే ఉంది, మిషన్ పక్కన. అందులో సుద్దముక్కలు వేసుకుంటున్నాను. చూడాలనుంటే వచ్చి చూసుకోండి.

అసలు సంగతి కుంజిమాళు చేచ్చిది. చేచ్చి అంటే మా భాషలో అక్క. ఆమె గురించి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకే తెలియడం లేదు, ఎందుకంటే ఆమెకే తెలియదు. నాలుగో తరగతితో బడి మానేసింది. కొడియత్తు దామోదరన్ మాష్ ఇంట్లో వంటకి కుదిరింది. తర్వాత పెంకుల ఫ్యాక్టరీలో పనిచేసే కుట్టప్పన్ని పెళ్ళి చేసుకుంది. అతను ఊపిరితిత్తులు పాడై చనిపోయాక, తనే ఆ ఫ్యాక్టరీలో మట్టి మోసి ఇద్దరు కూతుళ్ళని ఒడ్డున పడేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఉపాధి హామీ పనికి వెళ్ళింది. ఆడవాళ్ళంతా కాలవ గట్టు మీద గడ్డి కోస్తూ ఉంటే ఈమె పద్యాలు చదివేది, వాళ్ళు పని మానేసి వినేవాళ్ళు, మేస్త్రీ వచ్చి "కుంజిమాళూ, గడ్డి కొయ్యమన్నారా, కచేరీ పెట్టమన్నారా?" అని అరిచేవాడు. ఇదీ మనిషి.

పద్యాలన్నీ మాష్ ఇంట్లో పట్టుబడ్డవే. కొడియత్తు మాష్ మా బడిపంతులు. నా వీపు మీద ఆయన బెత్తం ఆడింది. పెద్ద కవి కూడా. స్కూలు వాచకంలో ఆయన పద్యం చదువుకోని పిల్లాడు మా జిల్లాలో లేడు. భార్య చిన్న వయసులోనే పోయింది, ఇంట్లో పసివాడు ఉణ్ణి. అక్షరశ్లోకం అంటే ప్రాణం, ఆడటానికి మాత్రం మనిషి లేడు. అందుకని ఆయన వసారాలో పడక్కుర్చీ మీంచి పద్యం విసిరితే, వంటింట్లోంచి పిండి రుబ్బుతూ ఈ పిల్ల అందుకునేది. ఆమెకి రానిది ఏదైనా ఆయన కొత్తగా చెబితే, వెంటనే తప్పు లేకుండా తిరిగి అప్పజెప్పాలి. అది మాష్ పెట్టిన రూలు. అలా ఏళ్ళ తరబడి సాగింది.

ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. సినిమా పాటల అంత్యాక్షరి కాదిది, అలా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకరు నాలుగు పాదాల శ్లోకం చదువుతారు. దాని మూడో పాదం ఏ అక్షరంతో మొదలైందో ఆ అక్షరంతో అవతలివాళ్ళు ఇంకో శ్లోకం అందుకోవాలి. ఒకసారి వచ్చింది మళ్ళీ చెబితే ఓడినట్టే. సొంతంగా అల్లినవి చెల్లవు, ఎవరో ఒక కవివి అయ్యుండాలి. ఈ ఆఖరి రూలు వల్ల మా ఊళ్ళో దొంగతనం తలకిందులుగా జరుగుతుంది. లోకంలో జనం పెద్ద కవి పద్యం కొట్టేసి నాదంటారు. మావాళ్ళు అక్షరం దొరక్క ఇరుక్కుంటే అప్పటికప్పుడు ఏదో అల్లేసి, ఎవరిదని అడిగితే చచ్చిపోయిన కవి పేరొకటి చెప్పేస్తారు. పైనుంచి ఆయనొచ్చి కాదనడు కదా!

పోయిన ఓణం పోటీలో ఆఖరికి మిగిలింది నేనూ, కుంజిమాళు చేచ్చీ. గ్రంథాలయం హాలు కిటకిటలాడుతోంది. నిర్ణేత మా గ్రంథాలయం సెక్రటరీ లోనప్పన్. కొడియత్తు మాష్ స్మారక కమిటీకి కన్వీనరూ అతనే. ఊళ్ళో ఏ కమిటీకి రాయి వేసినా లోనప్పన్‌కే తగులుతుంది. నేను చాలాసేపటి నుంచి ఒక ఎత్తు దాచుకుని కూర్చున్నాను. మూడో పాదం ఝ తో మొదలయ్యే పద్యం ఒకటి నా దగ్గరుంది. ఝ తో మొదలయ్యే పద్యాలు ఉన్నవే వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, అవన్నీ ఆ రోజు మధ్యాహ్నానికే అయిపోయాయి. సమయం చూసి వదిలాను.

హాలంతా "ఓహ్" అంది. చేచ్చి కళ్ళు మూసుకుంది. నేను కాలు మీద కాలేసుకున్నాను. లోనప్పన్ గంట మీద చెయ్యి పెట్టాడు. అంతలో ఆమె, ఏదో వంటింట్లో గిన్నె కింద పెట్టినంత మామూలుగా అందుకుంది.

ఝంఝామారుత మొచ్చి తలుపును బాదుతుండిన రాత్రిలో
చిన్నవాని చొక్కా పొయ్యి పైని దండెమెక్కి ఆరెను;
ఉదయమున బడిలోన పొగ వాసనను పట్టిన తోటివాడు
"వీడికోసం మేలుకొన్న తల్లి ఉన్న"దనుకొనెను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మాకు చప్పట్లు ఆలస్యంగా వస్తాయి, కానీ అంత ఆలస్యం నేనెప్పుడూ చూడలేదు. కర్కాటక మాసం వానల్లో మా చొక్కాలన్నీ పొయ్యి మీద ఆరినవే. నా ముక్కుకి ఎక్కడినుంచో మా అమ్మ పొయ్యి వాసన తగిలింది. ఒట్టు. ఇప్పుడు నేను ఉ తో చెప్పాలి. ఉ అంటే పిల్లలకిచ్చే అక్షరం! నా దగ్గర ఉ లు గంపలకొద్దీ ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. నోరు తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. గంట మోగింది. టైలర్ వేలాయుధన్ ఉ దగ్గర ఓడిపోయాడు. ఇప్పటికీ టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు నన్ను చూసి "ఉ... ఉ..." అంటారు, పాల కోసం ఏడ్చే పిల్లల్లాగా.

"పద్యం ఎవరిది చేచ్చీ?" అని లోనప్పన్ రూలు ప్రకారం అడిగాడు.

చేచ్చి కాస్త తడబడింది. "మాష్‌ది," అంది.

లోనప్పన్ లేచి నిలబడ్డాడు. మాష్ పద్యాలన్నీ అతనికి నోటికి వచ్చు. ఇది వాటిలో లేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మాష్ ఆఖరి పదేళ్ళూ ఒక్క పద్యం రాయలేదు. ఎందుకు రాయలేదన్నదాని మీద ప్రతి ఏడూ మా గ్రంథాలయంలో చర్చ పెడతారు. కళ్ళు మసకబారాయని ఒకాయన అంటాడు. అరవైనాలుగులో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలింది, ఆ దెబ్బకి కవి గుండె పగిలిందని ఇంకొకాయన వ్యాసమే రాశాడు. ఇప్పుడు కొత్త పద్యం బయటపడితే ఊరుకుంటారా? మాష్ పేర గ్రంథాలయం పక్కన చిన్న హాలు కడుతున్నారు. గుమ్మం పక్కన నల్లరాయి మీద ఏ పద్యం చెక్కించాలా అని కమిటీ కొట్టుకు ఛస్తోంది. "ఇంక వెతికే పనే లేదు, మాష్ అచ్చుకాని పద్యం! రాయి మీద ఇదే!" అని లోనప్పన్ ఆ హాల్లోనే ప్రకటించేశాడు.

నాకు కడుపు మండిపోయింది. దాచుకోవడం దేనికి? మర్నాడు పొద్దున్నే చేచ్చి ఇంటికి వెళ్ళాను. ఆమె పెరట్లో కర్రపెండలం దుంపల పొట్టు తీస్తోంది.

"చేచ్చీ, నిజం చెప్పు. అది నువ్వు అప్పటికప్పుడు అల్లేశావు కదూ?"

"కూర్చో ముందు. టీ తాగుతావా?"

"టీ సంగతి తర్వాత. మాష్ పేరెందుకు చెప్పావు?"

"ఎవరిదని అడిగాడు. ఏదో ఒక పేరు చెప్పాలి కదరా. నోటికి ఆయన పేరే వచ్చింది."

"అదిగో! అంటే నీదే!"

"నాదని నేనెప్పుడన్నాను?" అంది, చేతిలో కత్తి ఆపి. "నువ్వు ఝ అని పడేశావు. ఇది వచ్చి పడింది. అప్పటిదాకా అదొకటి నాలో ఉందనే నాకు తెలీదు."

"అల్లావా, గుర్తొచ్చిందా?"

"అదే తెలియడం లేదు వేలాయుధా. రాత్రి పడుకుని అదే ఆలోచించాను. గుర్తొచ్చినట్టే అనిపించింది. కానీ ఎక్కడ విన్నానా అని వెతికితే ఏమీ కనపడదు. నేను అల్లితే అల్లినట్టు తెలియాలి కదా? నేనెప్పుడూ ఒక్కటీ అల్లలేదు, అల్లితే ఎలా ఉంటుందో నాకేం తెలుసు?"

నేను బుర్ర గోక్కుంటూ టీ తాగి వచ్చేశాను. రెండు రోజులాగి ఆమే నా షాపుకొచ్చింది. జాకెట్టు పొట్టయిందన్న సాకు పెట్టుకుని. బల్ల మీద కూర్చుని అంది, "ఒరే, మాష్ చెప్పిన పద్యాలన్నీ నాకు మాష్ గొంతులోనే వినపడతాయి. దగ్గుతో సహా. ఇది మాత్రం నా గొంతులో వినపడుతోంది."

"అయితే తేలిపోయింది. నీదే. పద, లోనప్పన్‌కి చెప్పేద్దాం."

"తొందరపడకు. ఆయన కొత్తది చెబితే నేను వెంటనే అప్పజెప్పేదాన్నిగా? ఆ అప్పజెప్పింది వినపడుతోందేమో."

"దేవుడా! అయితే మాష్‌దే అనుకో."

"చొక్కా ఆరబెట్టింది నేను కదరా," అంది. "ఉణ్ణి చొక్కా. వాడికి రెండే ఉండేవి. వానాకాలం రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చుని తిప్పేదాన్ని, ఒకవైపే మాడిపోకుండా. ఆ వాసన సంగతి ఆరబెట్టినదానికి కదా తెలిసేది, వసారాలో కూర్చున్నవాళ్ళకేం తెలుస్తుంది?"

"ఏమో, గుమ్మంలోంచి చూసినవాళ్ళకీ తెలుస్తుందేమో," అన్నాను, ఊరికే ఎదురు చెప్పాలని.

ఆమె నావైపు అదోలా చూసింది. జాకెట్టు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

నవ్వులాటగా మొదలైంది కాస్తా ఆమెని తినెయ్యడం మొదలుపెట్టింది. చేచ్చి అన్నం సరిగ్గా తినడం లేదని కూతురు వచ్చి నన్ను తిట్టింది, "మామా, నువ్వే అంటించావు ఈ తెగులు" అని. నేనేం చేశాను? ఆమె భయం ఏంటో నాకు అర్థమైంది. పద్యం తనదై ఉండి మాష్ పేరుతో రాయికెక్కితే ఆయన నెత్తిన ఒక అబద్ధం ఎక్కించినట్టు. పైగా బతుకంతా నలుగురివీ మోసిన మనిషికి సొంతంగా ఉన్న ఒక్కటీ పోయినట్టు. ఆయనదై ఉండి తనదంటే, అన్నం పెట్టిన ఇంట్లో దొంగతనం చేసినట్టు. రాయి చెక్కేవాడు త్రిశూర్ నుంచి సోమవారం వస్తున్నాడు. ఆలోపు తేల్చుకోవాలి.

లోనప్పన్‌కి ఇవేమీ పట్టలేదు. దారిలో కనపడితే "చేచ్చీ, ఇంకా ఏమైనా గుర్తొస్తున్నాయా? ఒకటి ఉంటే పది ఉంటాయి" అని వెంటపడేవాడు. పాపం అతనికి మాష్ అంటే నిజంగానే భక్తి. ఆ భక్తిలో ఎదుటి మనిషి మొహం చూడడు, అంతే.

రాయి పనికి ముందు మాష్ కొడుకు ఉణ్ణి కోయంబత్తూరు నుంచి వచ్చాడు. ఉణ్ణి అంటే ఇప్పుడు అరవై ఏళ్ళవాడు, బ్యాంకులో చేసి రిటైరయ్యాడు, బట్టతల. అయినా మాకు ఉణ్ణే. లోనప్పన్ మమ్మల్నందరినీ గ్రంథాలయం వసారాకి పిలిచాడు. నన్నెందుకు పిలిచాడంటే, ఆ పద్యం ఆరోజు విన్నవాళ్ళలో తప్పులు పట్టగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. పొగడ్త కాదు, నిజం. ఎండ బాగా కాస్తోంది. అరటికాయ చిప్స్, టీ తెప్పించారు. చేచ్చి మూలన బల్ల మీద కూర్చుంది.

ఉణ్ణి ఆమె కాళ్ళకి దండం పెట్టాడు. "ఏరా, చిక్కిపోయావు," అంది ఆమె. ఇంత పొట్ట ఉంది అతనికి.

"చదవండి చేచ్చీ, ఉణ్ణి వినలేదుగా," అన్నాడు లోనప్పన్.

ఆమె చదివింది. మూడో పాదం దగ్గరికి వచ్చేసరికి ఉణ్ణి టీ గ్లాసు కింద పెట్టేశాడు. చదవడం అయ్యాక జేబులోంచి రుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఇది నేను విన్నాను," అన్నాడు.

లోనప్పన్ కుర్చీ అంచుకి వచ్చాడు. "మాష్ చెప్పారా?"

"రెండో క్లాసులో ఉన్నాను. బళ్ళో పిల్లలు నా చొక్కా వాసన చూసి ‘ఎండుచేప, ఎండుచేప’ అని ఏడిపించారు. ఒకడు మాత్రం, నా పక్కన కూర్చునేవాడు, ‘మీ అమ్మ పొయ్యి మీద ఆరేసిందా?’ అనడిగాడు. నాకు అమ్మ లేదని వాడికి తెలీదు. నేను ఏడుస్తూ ఇంటికొచ్చి వంటింట్లో చేచ్చి ఒళ్ళో పడి ఇదంతా చెప్పాను. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బయట జోరున వాన. అప్పుడు విన్నాను ఈ పద్యం. రెండుసార్లు విన్నాను. ఒకళ్ళు చెప్పారు, ఇంకొకళ్ళు అదే మళ్ళీ చెప్పారు."

"ముందు ఎవరు చెప్పారు?" నేనూ లోనప్పనూ ఒకేసారి అడిగాం.

ఉణ్ణి తల పట్టుకున్నాడు. "అదే... అదే తెలియడం లేదు. నేను మొహం చేచ్చి చీరలో దాచుకుని ఏడుస్తున్నాను. ఒకసారి నాన్న గొంతు, ఒకసారి చేచ్చి గొంతు. ఏది ముందో... కాదు, నాన్నదే ముందేమో. ఏమో. చేచ్చి నన్ను ఊరుకోబెట్టడానికి ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. ఏడేళ్ళవాణ్ణి. ఒక్కటి మాత్రం బాగా గుర్తుంది. రెండోసారి చెప్పడం అయ్యాక నాన్న కాసేపు అలాగే నిలబడ్డాడు, ఇంకా ఏదో వినాలన్నట్టు. తర్వాత వానలోకి దిగి వెళ్ళిపోయాడు."

చేచ్చి అప్పటిదాకా కదలకుండా వింటోంది. "గొడుగు తీసుకెళ్ళలేదా?" అనడిగింది.

"లేదు చేచ్చీ. గొడుగు గుమ్మంలోనే వేలాడుతోంది."

చేచ్చి తన అరచేతులు చూసుకుంది. నేను ఆమె మొహం వైపే చూస్తున్నాను. ముందు ఏమీ అర్థం కానట్టు ఉంది. తర్వాత ఏదో అర్థమవుతున్నట్టు, అది అర్థం కాకుండా ఆపాలని చూస్తున్నట్టు ఉంది. నాకు ఎందుకో భయమేసింది. టీ చల్లారిపోయింది తాగు చేచ్చీ అన్నాను, ఏమనాలో తోచక.

"పద్యం నాదే," అంది ఆమె.

లోనప్పన్‌కి వెంటనే ఎక్కలేదు. "ఏంటీ?"

"నేను అల్లిందే. ఉణ్ణిని ఊరుకోబెట్టడానికి అల్లాను. మాష్ విని బాగుందని ఆయన ఒకసారి చదివాడు. అంతే. పోటీలో నాదంటే చెల్లదని ఆయన పేరు చెప్పాను. తప్పయిపోయింది."

"చేచ్చీ! ఇన్నాళ్ళూ తెలీదు తెలీదన్నారు! పేపర్లో వార్త వేయించాను! మంత్రిగారికి చెప్పాను!" లోనప్పన్ మొహం ఎర్రబడిపోయింది. "పోయిన కవి పేరు చెప్పి కప్పు కొట్టేస్తారా? ఈ వయసులో ఇదేం పని?"

"నోరు అదుపులో పెట్టుకో లోనప్పా," అన్నాను నేను. నేనే అన్నాను. ఆ మాట అనిపించాలని తిరిగినవాణ్ణి నేనే, ఇప్పుడు ఎందుకు ఒళ్ళు మండిందో నాకు తెలీదు.

ఉణ్ణి మాత్రం ఆమె వైపు చూస్తూ ఉండిపోయాడు. అతనికీ ఏదో అర్థమైందేమో, లేదేమో. బ్యాంకువాళ్ళ మొహాలు చూసి ఏమీ చెప్పలేం.

ఆమెని ఇంటిదాకా దిగబెట్టడానికి వెంట నడిచాను. కాలవ గట్టు సగం దాటాక నేను పట్టలేకపోయాను.

"చేచ్చీ, నిజంగా నీదేనా?"

"ఊళ్ళో చెప్పాను కదరా."

"ఊళ్ళో చెప్పింది నేనూ విన్నాను. నన్ను చూసి చెప్పు."

ఆమె ఆగింది. "నాకు తెలీదు వేలాయుధా. ఇప్పటికీ తెలీదు. ఒట్టు." మళ్ళీ రెండడుగులు వేసింది. "కానీ అది ఆయనదైతే పద్యం కాదురా. నన్ను అడిగినట్టు. వాడికి తల్లిగా ఉండిపొమ్మని. ఆయన అంతకన్నా విడమర్చి అడగగల మనిషి కాదు. ఆయనకి వచ్చిన భాష అదొక్కటే."

నేను నడక ఆపేశాను, ఆమె ఆగలేదు.

"మరి నేనేం చేశాను? కొత్త పద్యం అనుకున్నాను. తప్పు లేకుండా అప్పజెప్పేశాను." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "పద్యానికి పద్యం చెప్పాలి కదా. చెప్పిందే తిరిగి చెబితే ఓడినట్టు. ఆయన వినాలని నిలబడ్డాడంట. నేను ఉ తో ఏదో ఒకటి అంటానని. నేను పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను."

"ఆయన అడిగి ఉంటే... నువ్వు ఏమని ఉండేదానివి?"

"ఏమో. అప్పుడెవరైనా అడిగి ఉంటే కదా తెలిసేది. ఆ మరుసటేడే మా అన్న కుట్టప్పన్ సంబంధం తెచ్చాడు. మాష్‌కి చెబితే, మంచిదే చేసుకో అన్నాడు. తల ఎత్తి చూడలేదు. కళ్ళు బాగోలేదనుకున్నాను." చెంగుతో మొహం తుడుచుకుంది. "నాదని చెప్పడమే నయం. నాదైతే ఆయన ఏమీ అడగలేదు. నేను ఏమీ చేజార్చుకోలేదు. కుట్టప్పన్ మంచివాడు వేలాయుధా, చచ్చినవాడి ముందు నేను తల ఎత్తుకోవాలి కదా."

అప్పుడు నాకు లెక్క తట్టింది, గ్రంథాలయంలో అంతమంది పండితులకి ఇన్నేళ్ళలో తట్టనిది. కుంజిమాళు చేచ్చి పెళ్ళయింది అరవైనాలుగులో. పార్టీ చీలిన ఏడే, మాష్ రాయడం ఆపేసిన ఏడే. చెబుదామనుకుని చెప్పలేదు. చెబితే ఆమెకి ఇంక తప్పించుకోవడానికి దారి ఉండదు. కానీ లెక్క కలిసినంత మాత్రాన నిజమని ఎవరు చెప్పొచ్చారు? కళ్ళే పోయాయేమో. పార్టీయే చీల్చిందేమో ఆయన్ని. నా బుర్ర కూడా ఆ రోజుతో చెడింది.

రాయి మీద వాచకంలోని పాత పద్యమే చెక్కించారు. కమిటీ కూర్చుని, పోటీలో సొంత పద్యం చదివి కవి పేరు తప్పు చెప్పినందుకు చేచ్చిని పక్కన పెట్టి, కప్పు తెచ్చి నా షాపులో పెట్టేసి వెళ్ళింది. నేను వద్దన్నాను. లోనప్పన్ రూలు రూలే అన్నాడు. ఊళ్ళో ఆడవాళ్ళు కొందరు "కుంజిమాళు కవి అయిపోయిందమ్మా" అని మూతులు తిప్పారు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం నా షాపుకొస్తుంది. బల్ల మీద కూర్చుని "ఉ తో ఒకటి చెప్పు వేలాయుధా" అంటుంది. నేను మిషన్ తొక్కుతూ చెబుతాను. ఆ రోజు గంట మోగేదాకా రానివన్నీ ఇప్పుడు వరసకట్టి వస్తున్నాయి. ఆమె కళ్ళు మూసుకుని మొత్తం వింటుంది. "బాగుంది. కానీ ఇది కాదు," అంటుంది. ఇంకోటి చెబుతాను. అదీ కాదంటుంది. ఆమెకి నాకన్నా ఎక్కువ ఉ లు వచ్చు, అవన్నీ ముందే వెతికేసుకుని నా దగ్గరికొచ్చింది.

మొన్న విసుగొచ్చి అడిగేశాను. "ఊరందరి ముందూ నీదే అన్నావు. నీ పద్యానికి నువ్వే జవాబు వెతుక్కోవడమేంటి చేచ్చీ?"

"నువ్వు నోరు మూసుకుని కుట్టు," అంది.

నిన్న పెద్ద వాన. రాదులే అనుకుని తలుపు సగం వేశాను. వచ్చింది, గొడుగు లేకుండా, నిలువునా తడిసి. తువ్వాలు ఇస్తే తీసుకోలేదు. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి కూడా రాలేదు.

"చెప్పు," అంది.

నేను చెప్పాను.